రెండు నీటికుక్కలు తక్కువ

గుంటూరు అటవీ రేంజి ఆఫీసరు గారికి
తుమ్మలంక కాపురస్తుడు ఈదర పున్నయ్య రాయించుకున్నది.
తమరి తాఖీదు అందింది.
అందిన రోజే చదివించుకున్నాను,
అర్థమైంది మాత్రం ఇవాళ.

కరకట్ట లోపల ఎకరంన్నర చెరువు నాది.
బొచ్చెపిల్ల నాది, తవుడు నాది, తవుడు కొట్టు బాకీ నాది.
నీటికుక్క మాత్రం ప్రభుత్వానిదని
మీ గుమస్తా మస్తాన్‌వలి గారు
టీ చల్లారేదాకా విడమరిచి చెప్పారు.
ప్రభుత్వానిదైతే తోలుకుపొమ్మన్నాను.
తోలుకుపోవడానికి గేదె కాదన్నారు.

మొదటి అర్జీలో ఏడని రాసిన మాట నిజం.
అది నడిరాత్రి, బ్యాటరీ లైటు వెలుతురులో
కోపంలో ఉన్న మనిషి వేసిన లెక్క.
ఈలలేసుకుంటూ గట్టెక్కి
పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు కూర్చుని
తలకాయ దగ్గర మొదలెట్టి
నా శీలావతుల్ని కరకరా నమిలి
తోకలు నాకు వదిలిపెట్టాయి.
ఎంగిలాకులు ఎత్తేవాడికి కూడా
ఇంతకన్నా మర్యాద ఉంటుంది.

నష్టపరిహారం ఫారంలో
ఏనుగుకి గడి ఉంది. పులికి ఉంది.
మా లంకలో ఏనుగు తొక్కితే నాకు డబ్బులొస్తాయి!
నీటికుక్కని 'ఇతరములు'లో రాయమన్నారు,
ఇతరములకి ఇంకా జీవో రాలేదన్నారు.
చేపల శాఖకి పోతే, కుక్క మాది కాదన్నారు.
పశువులాసుపత్రికి పోతే, నీళ్లలోది మాది కాదన్నారు.
పంచాయతీ వాళ్లొక్కళ్లే ధర్మాత్ములు,
కుక్కేగా, పట్టుకురా,
పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తాం అన్నారు.

ఆఖరికి మీ బీటు ఆఫీసరు జెస్సీ కరుణ వచ్చింది.
నా మనవరాలి ఈడు.
మోకాటిలోతు బురదలో దిగి అడుగుజాడలు కొలిచింది.
పెంటికని అగ్గిపుల్లతో విడదీసి
కంసాలి బంగారప్పొడి చూసినట్టు చూసి
"తాతగారూ, ఇవి మీ చేపల పొలుసులే!" అంది.
ఏడవాల్సినవాణ్ణి,
ఆ పిల్ల మొహంలో సంబరం చూసి ఊరుకున్నాను.
రెండు రాత్రులు మేలుకుని
ఐదు కనబడ్డాయని రాసుకుపోయింది.

ఏడులోంచి ఐదు పోతే రెండు.
ఆ రెండూ ఏమయ్యాయో
వారం లోపల సంజాయిషీ ఇవ్వాలని,
లేనియెడల చట్టం తన పని తాను చేస్తుందని
కింద తమరి సంతకం, పక్కన గుండ్రటి ముద్ర.

అయ్యా,
తినలేదు. అమ్మలేదు.
తోలు వలిచి చెప్పులు కుట్టించుకోలేదు.
నా భార్య కోటేశ్వరమ్మ సాక్షి.
పెళ్లైన నలభై ఏళ్లలో ఏ విషయంలోనూ
ఆవిడ నన్ను వెనకేసుకు రాలేదు గనక
సాక్ష్యం గట్టిదే.

తాఖీదు వచ్చినప్పట్నించి నా పని ఏమిటంటే,
సాయంత్రం కాగానే రగ్గు కప్పుకుని గట్టు మీద చేరడం,
నీటికుక్కల జోలికి ఊరకుక్కలు రాకుండా అదిలించడం.
వల కట్టిన వీరంకి సాంబయ్యని మందలించాను,
నీ వలలో పడితే నా మెడకి చుట్టుకుంటుందిరా అని.
ఒకప్పుడు చేపలకి కాపలా కాసేవాణ్ణి,
ఇప్పుడు దొంగలకి కాస్తున్నాను.
జీతం సంగతి తమరు ఆలోచించాలి.

నిన్న తెల్లారుజామున మంచులో
ఐదూ గట్టెక్కాయి. వెనకాల
రెల్లు పొదలోంచి మూడు పిల్లలు.
ఐదూ మూడూ ఎనిమిది.
రెండు తక్కువైతే ఒక తాఖీదు వచ్చింది,
ఒకటి ఎక్కువైతే ఏమొస్తుందో తెలియక
ఈ కాగితం మీద అంకె వెయ్యలేదు.
తమరే వచ్చి లెక్కపెట్టుకోండి.
చెరువులో చేపలుండగానే రండి,
అవి అయిపోతే వాటికి నాతో పనుండదు.

ఇట్లు
ఈదర పున్నయ్య, వేలిముద్ర కాదు, సంతకమే.

తా.క.
అన్నిట్లోకీ చిన్నది నీళ్లంటే జడిసింది.
తల్లి మెడ పట్టి ముంచితే
చంటిపిల్లలా కీచుమంది.
నేను లేచి నిలబడ్డాను.
అడవి జంతువులకి మేత వెయ్యడం నేరమని
మీ బోర్డు మీద చదివాను.
నేను వెయ్యలేదు.
చేతిలో చేప ఉంది,
జారింది.